ఇంగ్లీషు తప్పిన ఆడపిల్లలు – సాధన చేసే హక్కు

(గ్రామీణ మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఇక్కడ భూమి హక్కు గురించీ, కూలి రేట్ల గురించీ, గృహహింస చట్టం గురించీ మాట్లాడుకున్నాం. వాటి మధ్య పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. "అక్కా, అది ట్యూషన్ మాస్టార్ల పని కదా" అన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. పల్నాడు పల్లెల్లో మా సంఘం పనిచేసే చోట ఒక మే నెల గడిచాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2025 ఏప్రిల్ నాలుగో వారంలో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా ఊళ్లో ఒక పిల్లకి లెక్కల్లో 58, సోషల్‌లో 61, ఇంగ్లీషులో 27. నూటికి 35 వస్తేనే పాసు. ఎనిమిది మార్కులు తక్కువయ్యాయి. ఫలితాలు వచ్చిన మూడో రోజునే వాళ్లింటికి సంబంధం వచ్చింది. వాళ్లమ్మ చెడ్డ మనిషి కాదు. మా పొదుపు సంఘంలో పదేళ్లుగా ఉన్న మనిషి. "చదువు అబ్బలేదు కదమ్మా, ఇంకెన్నాళ్లు కూర్చోబెట్టను?" అని ఆమె నన్నే అడిగింది. ఆ పిల్లకి అప్పటికి పదహారు నిండలేదు.

చూడండి, ఏప్రిల్, మే నెలలు మనకి ఫలితాల కాలం, పెళ్లి ముహూర్తాల కాలం కూడా. ఇంగ్లీషు తప్పిన మగపిల్లవాడికి సప్లిమెంటరీ ఉంటుంది. ఇంగ్లీషు తప్పిన ఆడపిల్లకి సప్లిమెంటరీ కంటే ముందు సంబంధం ఉంటుంది.

చట్టం ఏమంటుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య ఇచ్చింది. అంటే ఎనిమిదో తరగతి దాకా. పదో తరగతి పరీక్ష నాటికి పిల్లకి పదిహేనేళ్లు, పదహారేళ్లు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగు లోపు పిల్లలతో పనిచేయించడాన్ని నిషేధించారు గానీ, బడి వేళల తర్వాత కుటుంబ పనుల్లో సాయపడవచ్చని ఒక కిటికీ తెరిచి పెట్టారు. పద్నాలుగు దాటిన వాళ్లకి ప్రమాదకరమైన పనులు తప్ప మిగిలినవన్నీ చేయవచ్చు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం పద్దెనిమిది దాకా పెళ్లి చేయకూడదంటుంది. పద్నాలుగుకీ పద్దెనిమిదికీ మధ్య ఆ నాలుగేళ్లు ఆడపిల్లని చదువులో నిలబెట్టేది ఏమిటి? పెళ్లి వద్దనే చట్టం ఉంది, చదువు నీ హక్కు అనే చట్టం లేదు. ఆ ఖాళీలో ఆమెని పట్టి నిలిపేది ఆ మార్కుల కాగితం ఒక్కటే. అందుకే ఆ ఎనిమిది మార్కులు నాకు చిన్న విషయంగా కనిపించలేదు.

అసలు ఆ పిల్లకి ఇంగ్లీషు ఎందుకు పోయింది? తెలివి లేకనా? మేము పదకొండు మంది ఇంగ్లీషు తప్పిన పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పని చేశాం. ఫిబ్రవరి నెలలో ఒక రోజు ఎలా గడిచిందో గంటగంటకీ కాగితం మీద రాయమన్నాం. మా ప్రాంతంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఆదివారాలు, సెలవు రోజులు కోతకి. బడి ఉన్న రోజు సాయంత్రం కళ్లంలో తాలుకాయలు ఏరడానికి. ఇంటికొస్తే నీళ్లు, అంట్లు, తమ్ముళ్ల అన్నాలు. ఒక పిల్ల రాసింది – "రాత్రి తొమ్మిదిన్నరకి పుస్తకం తీశాను. చేతులు మండుతుంటే కళ్లు తుడుచుకున్నాను. కళ్లు కూడా మండినాయి. పడుకున్నాను." మిరపకాయ పట్టిన చేయి కంటికి తగిలితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుకి ఆ పిల్ల ఇంగ్లీషు చదువు అంతే. మా ఊరి పిల్లలు నయం. కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి వచ్చే కుటుంబాల పిల్లలు ఆ మూడు నాలుగు నెలలూ బడి మొహమే చూడరు.

అన్ని సబ్జెక్టులకీ ఇదే కష్టం కదా, ఇంగ్లీషు దగ్గరే ఎందుకు దెబ్బ తగులుతుందని మీరడగవచ్చు. సోషల్ పాఠం ఒకసారి వింటే తెలుగులో కొంత గుర్తుంటుంది. లెక్క అర్థమైతే చేయి వెనకే వస్తుంది. భాష అలా రాదు. రోజూ కొంచెం చదవాలి, నోటితో అనాలి, రాయాలి, తప్పు దిద్దుకోవాలి. ఇంట్లో వినపడని భాష అయితే మరీను. అది సాధనతో వచ్చే విద్య. సాధనకి కావలసింది తీరిక. ఆడపిల్లకి లేనిది అదే. "దానికి ఇంగ్లీషు రాదు" అని మనం అంటున్నామంటే, "దానికి రోజుకో గంట ఎవరూ ఇవ్వలేదు" అని చెబుతున్నట్టే.

ఈ తేడా ఇవాళ్టిది కాదు. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన సాయంతో చదవడం రాయడం నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆమె పట్టుదలకి దణ్ణం పెడదాం. కానీ తమ్ముడి చదువు పక్కన మిగిలిన చోటులో కూర్చుని చదువుకోవడం నూరేళ్లు దాటినా మన ఆడపిల్లలకి తప్పకపోవడం ఏమిటి? ఈ రోజుకీ మా ఊళ్లలో తమ్ముడు ప్రైవేటు కాన్వెంటు బస్సెక్కుతాడు, అక్క నడిచి సర్కారు బడికి వెళ్తుంది. తమ్ముడి హోంవర్కు పుస్తకం చూసి అక్క ఇంగ్లీషు నేర్చుకున్న ఇల్లు నాకొకటి తెలుసు.

మీడియం మీద పెద్ద చర్చ జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. తెలుగు చచ్చిపోతుందని కొందరు, పేదవాళ్లకి ఇంగ్లీషు వద్దనడం కుట్ర అని కొందరు వాదించారు. రెండు వైపులా నిజముంది. పుణెలో 1848లో ఆడపిల్లల బడి నడిపిన సావిత్రీబాయి ఫూలే ఇంగ్లీషు నేర్చుకోమని 1854 నాటి తన పద్యాల పుస్తకంలోనే చెప్పింది. అణగారిన వాళ్లకి ఆ భాష ఎందుకు కావాలో ఆమెకి తెలుసు. నా బాధ వేరు. ఆ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది – ఆ ఇంగ్లీషు ఆ పిల్ల ఏ వేళప్పుడు చదవాలి? మా క్లాసుకి వచ్చిన పదకొండు మందిలో ఎక్కువమంది కాగితం మీద ఇంగ్లీషు మీడియం పిల్లలే.

ఇక మేము చేసిన పని చెబుతాను. ఫలితాలకీ సప్లిమెంటరీకీ మధ్య నాలుగు వారాలు కూడా లేవు. ముందు తల్లుల్ని పిలిచాం. గంటగంటకీ పిల్లలు రాసిన కాగితాలు చదివి వినిపించాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె అంది – "మా అమ్మ నాకు వంట నేర్పకుండా ఉంటే నేనూ చదువుకునేదాన్నేమో." అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. ఆ రోజు ఒక ఒప్పందం కుదిరింది. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఆడపిల్లకి పని చెప్పకూడదు. ఆ వేళకి నీళ్లు మగపిల్లలు తేవాలి. నిజం చెప్పాలంటే ఈ ఒప్పందమే మా సిలబస్‌లో మొదటి పాఠం. మిగిలిన పాఠాలన్నీ దాని మీద నిలబడ్డాయి.

అంగన్‌వాడీ గదిలో కూర్చున్నాం. పరీక్ష మూడు భాగాలు – ఇచ్చిన పేరా చదివి జవాబులు రాయడం, వ్యాకరణం, సొంతంగా రాయడం. మొదట చదవడం. మన తెలుగులో రాసినట్టే చదువుతాం. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. 'నైట్'లో పలకని జీ, హెచ్ ఉంటాయి. 'నో' అంటే తెలుసుకోవడం అన్న మాటకి ముందు పలకని కె ఉంటుంది. ఇవి చూసి పిల్లలు నోరు విప్పరు. మాట పైన తెలుగులో ఉచ్చారణ రాసుకుంటే బడిలో కొడతారని చెప్పారు. మేము రాసుకోమన్నాం. మొదటి వారం రాసుకోండి, రెండో వారం సగం చెరిపేయండి, మూడో వారం మొత్తం చెరిపేయండి అన్నాం. నడక రాని వాళ్లకి చేతికర్ర ఇవ్వడం తప్పు కాదు, ఎప్పుడు తీసేయాలో చెప్పకపోవడం తప్పు.

పేరా చదివే ముందు ప్రశ్నలు చదవమన్నాం. హూ అంటే మనిషి పేరు వెతుకు, వేర్ అంటే చోటు, వెన్ అంటే కాలం, వై అంటే కారణం. జవాబు ఉన్న వాక్యం కింద గీత గీయి. ప్రశ్నలోని మాటలతోనే జవాబు మొదలుపెట్టు. ఈ నాలుగు సూత్రాలు వారం రోజులు రోజుకి రెండు పేరాలతో చేస్తే, ఖాళీగా వదిలేసే పిల్లలు కూడా రాయడం మొదలుపెట్టారు. పేరాలు మేమే తయారుచేశాం. మిరప యార్డు గురించి, రేషను దుకాణం గురించి, జ్వరం మాత్రల అట్ట మీద ఉండే మాటల గురించి. 1990 తర్వాత నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వాచకంలోని సీతమ్మ కథ చదివి దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి మనకి తెలుసు. చదివే మాటలో మన బతుకు ఉంటే అక్షరం త్వరగా పట్టుబడుతుంది. తెలుగుకి నిజమైనది ఇంగ్లీషుకి మాత్రం ఎందుకు కాదు?

తర్వాత వ్యాకరణం. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మధ్యకి వస్తుంది. 'ఇంట్లో' అన్నప్పుడు 'లో' వెనక వస్తుంది, ఇంగ్లీషులో 'ఇన్' ముందు వస్తుంది. ఈ రెండూ గోడ మీద బొగ్గుతో రాసిపెట్టాం. ఎక్కువమంది తప్పేది ఒక 'ఎస్' దగ్గర. ఐ గో, యూ గో, దే గో, కానీ షీ గోస్. "ఇదెందుకక్కా?" అని విసుక్కున్నారు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు – తెలుగులో ఇన్ని మార్పులు తడుముకోకుండా మాట్లాడేదానివి, ఒక్క 'ఎస్'కి భయపడతావా అన్నాను. అప్పుడొక పిల్ల అంది – "అక్కా, తెలుగులో ఆవు వెళ్తుంది, ఆమె వెళ్తుంది. ఆయన మాత్రం వెళ్తాడు. ఇంగ్లీషులో ఆయనకీ ఆమెకీ ఒకటే గోస్." గది అంతా గొల్లుమంది. ఆ తర్వాత ఆ 'ఎస్' ఎవరూ మర్చిపోలేదు.

కర్తరి, కర్మణి ప్రయోగాలు చెప్పిన రోజు ఇంకొకటి జరిగింది. 'రాముడు బంతిని కొట్టాడు' లాంటి వాక్యాలు మార్చడం గైడులో ఉంటుంది. కర్త ముఖ్యం కాకపోతే 'బై' అన్న ముక్క వదిలేయవచ్చని సూత్రం. బల్ల మీద 'ది వుమన్ వాజ్ బీటెన్' అని రాశాను. "కొట్టినవాడు ఎటు పోయాడక్కా?" అని అడిగింది మన 27 మార్కుల పిల్ల. నేను జవాబు చెప్పలేదు. ఆ రోజు పేపరు తెచ్చి ముందు పెట్టాను. 'వివాహిత అనుమానాస్పద మృతి' అన్న వార్త ఉంది. ఆ వాక్యంలో కర్త ఎవరో వెతకమన్నాను. మనం స్టేషన్లో ఫిర్యాదు రాయించేటప్పుడు కూడా ఇదే చూసుకోవాలి. 'దెబ్బలు తగిలినవి' అని రాస్తారు, 'భర్త కొట్టెను' అని రాయరు. పరీక్షకి 'బై' వదిలేయడం నేర్చుకోండి, బతుకులో వదిలేయకండి అని చెప్పాను.

చివరిది రాయడం. గైడులో ఉత్తరాలు బట్టీ పట్టడం అందరూ చేసేదే. మా పిల్లల గైడులో ఉన్న ఉత్తరం ఏమిటో తెలుసా? అక్క పెళ్లికి రమ్మని స్నేహితురాలికి పిలుపు. ఈ పిల్లల నెత్తి మీద వాళ్ల పెళ్లే వేలాడుతోంది! పై చిరునామా, తేదీ, సంబోధన, విషయం, ముగింపు – ఈ చట్రం మాత్రం గైడు నుంచి తీసుకుని, లోపలి సంగతి మనది రాద్దామన్నాం. మా క్లాసు నుంచి ఇళ్లకి వెళ్లే దారిలో వీధి దీపం లేదు. తాగి కూర్చునే కుర్రాళ్లు ఉంటారు. అదే విషయం. పదకొండు మందీ రాశారు. అందులో మంచి వాక్యాలు ఏరి ఒక ఉత్తరం చేసి, పదకొండు సంతకాలు పెట్టి నిజంగానే ఆఫీసుకి తీసుకెళ్లాం. అక్కడి అధికారి చదివి, "ఎవరు రాసిచ్చారు మీకు?" అన్నాడు. "మేమే రాశామండీ. అందులో రెండు తప్పులున్నాయి, అవి కూడా మావే" అంది ఒక పిల్ల.

పరీక్షలయిన వారానికి దీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషంతో పాటు కోపం కూడా వచ్చింది. అదే దీపం కోసం అంతకు ముందు ఏడాది ఆ తల్లులు తెలుగులో అర్జీ ఇచ్చారు, వేలిముద్రలు కూడా వేశారు. అది ఏ ఫైల్లో ఉందో ఎవరికీ తెలియదు. మన పిల్లలకి ఇంగ్లీషు కావాలి, సందేహం లేదు. కానీ ఇంగ్లీషు వస్తేనే మనిషి మాట చెల్లుతుందనే పద్ధతిని ఒప్పుకోవడానికి మనం ఇంగ్లీషు నేర్పడం లేదు. ఈ రెండు మాటలూ కలిపే పట్టుకోవాలి.

ఇప్పుడు మా ఓటమి గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. పదకొండు మందిలో పరీక్ష రాసింది పది మంది. రెండో వారంలో ఒక పిల్ల రెండు రోజులు క్లాసుకి రాలేదు. ఎండదెబ్బేమో అనుకున్నాం. మూడో రోజు ఇంటికి వెళ్తే తాళం ఉంది. మేనమామ ఊళ్లో పెళ్లి జరిగిపోయింది. 1098కి ఫోను చేయాలంటే ముందు మనకి తెలియాలి కదా. హాల్ టిక్కెట్టు మా దగ్గరే ఉండిపోయింది, ఇంకా ఉంది. ఆ పిల్ల వ్యాకరణం అందరికంటే బాగా చేసేది. అప్పటి నుంచి మా రిజిస్టరు మార్కుల కోసం కాదు, మనుషుల కోసం. ఒక్క రోజు రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్తాం.

పది మందిలో ఏడుగురు పాసయ్యారు. 27 మార్కుల పిల్లకి 43 వచ్చాయి. సంబంధం వాళ్లు వేరే ఇల్లు చూసుకున్నారు. పిల్ల ఇంటర్‌లో చేరింది. ముగ్గురు మళ్లీ తప్పారు. వాళ్ల ఇళ్లలో ఆ గంటన్నర ఒప్పందం నిలబడలేదని రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మీ ఊళ్లకి వెళ్లాక మీరు చేయగలిగినవి నాలుగు చెబుతాను. ఒకటి, ఫలితాలు వచ్చిన రోజునే తప్పిన ఆడపిల్లల ఇళ్లకి వెళ్లండి, సంబంధాలు వాళ్ల కంటే ముందు మీరు వెళ్లాలి. సప్లిమెంటరీ ఫీజు గడువు కొద్ది రోజులే ఉంటుంది. రెండు, ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి దొరకలేదని ఆగకండి. ఇంటర్ చదివే పిల్ల ఒకరు, ఒక పాత ప్రశ్నపత్రం, ఒక గది, ఒక దీపం చాలు. మూడు, పాఠం కంటే ముందు తీరిక సంపాదించండి, తల్లులతో మాట్లాడండి, తండ్రులతో గట్టిగా మాట్లాడండి. నాలుగు, మన కోర్కెల పత్రంలో దీన్ని చేర్చండి. పద్దెనిమిదేళ్ల దాకా చదువు హక్కు కావాలి. కోతల కాలంలో ఆడపిల్లలకి బడిలోనే సాయంత్రం తరగతులూ, తిండీ కావాలి. సుగ్గికి వెళ్లే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే వసతి ప్రతి ఊళ్లో కావాలి.

కూలి రేటు కోసం పోరాడినప్పుడు మనం ఎనిమిది గంటల పని అడిగాం. మన కూతుళ్ల కోసం రోజుకి ఒక గంట చదువు అడుగుదాం. ముందు మన ఇళ్లలోనే అడుగుదాం.